ముట్టుకుంటే కరిచే కుక్కకు మరో ఇల్లు

"కుక్క కరిచింది" అనగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎవరిని?" అని. రెండో ప్రశ్న "ఆ కుక్కనేం చేశారు?" అని. "ఎందుకు కరిచింది?" అని అడిగేవారు చాలా తక్కువ. విజ్ఞానశాస్త్రం మొదలయ్యేది మాత్రం ఆ మూడో ప్రశ్న దగ్గరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నిజాంసాగర్ కాలువ నీటితో వరి పండే మన వర్ని ప్రాంతంలో పొలం కాపలాకు కుక్కను పెంచే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో నాలుగేళ్ళ మగ కుక్క ఉందనుకోండి. దానికి టామీ అని పేరు పెడదాం. అది మంచి హుషారైనది. కాలువ గట్టు మీద ఎంత దూరమైనా పరుగెడుతుంది. ఇంటివారిని చూస్తే గంతులు వేస్తుంది. ఐతే మెడపట్టీ పట్టుకుంటే మాత్రం బిగుసుకుపోతుంది. పిడుదులు తీద్దామని చెవి పట్టుకుంటే గుర్రుమంటుంది. బురద కాళ్ళు తుడవబోతే రెండుసార్లు పళ్ళు దించింది. ఇప్పుడు ఆ కుటుంబం పిల్లల చదువు కోసం నిజామాబాదులో మేడమీద రెండు గదుల అద్దె ఇంటికి మారవలసి వచ్చింది. టామీని ఏం చేయాలి?

సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి, దూరంగా తీసుకుపోయి ఏ ఊరి బయటో వదిలేయడం. రెండు, "చాలా మంచి కుక్క" అని చెప్పి ఎవరికో అంటగట్టడం. మూడు, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, సరియైన ఇల్లు వెతికి, తగిన సన్నాహంతో అప్పగించడం. మొదటి రెండూ సులభంగా కనిపిస్తాయి. మూడోది కష్టం. అయినా మూడోదే ఎందుకు సరియైనదో తెలియాలంటే ముందుగా టామీ శరీరంలో, మెదడులో ఏం జరుగుతున్నదో తెలుసుకోవాలి.

చెయ్యి దగ్గరికి వస్తే ఏమవుతుంది?

ప్రమాదం ఎదురైనప్పుడు జంతువు చేయగలిగినవి ముఖ్యంగా రెండు: పారిపోవడం, లేదా తిరగబడడం. అప్పుడు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది, కనుపాపలు విచ్చుకుంటాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ కానన్ ఈ మార్పులను 1915లో ఒక గ్రంథంలో విపులంగా వివరించాడు. పరీక్షా ఫలితాల రోజున మన గుండె దడదడ కొట్టుకోవడానికీ ఇదే కారణం.

ఇప్పుడు మెడపట్టీ పట్టుకున్న క్షణాన్ని ఆలోచించండి. పారిపోయే దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఒక్క దారే. స్వేచ్ఛగా తిరుగుతున్నప్పుడు స్నేహంగా ఉన్న కుక్క, పట్టుకోగానే కరవడానికి ఇదొక ముఖ్య కారణం. అది పగ కాదు, పొగరు కాదు. చాలాసార్లు అది భయం.

భయం కాకపోతే నొప్పి కావచ్చు. చెవిలో చీము, పంటిలో పుండు, తుంటి కీలులో అరుగుదల, కాలి వేళ్ళ మధ్య విరిగిన ముల్లు, ఇవేవీ కుక్క నోటితో చెప్పుకోలేదు. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే డేనియల్ మిల్స్ బృందం, ప్రవర్తన బాగాలేదని పంపించిన కుక్కల వివరాలను పరిశీలించి 2020లో ఒక వ్యాసం ప్రకటించింది. తక్కువలో తక్కువగా చూసినా అలాంటి కుక్కల్లో మూడోవంతుకు ఏదో ఒక నొప్పి ఉన్నదని వారు తేల్చారు. కాబట్టి టామీ విషయంలో మొదటి మజిలీ పశువుల దవాఖాన. నొప్పికి మందు వేయకుండా బుద్ధి నేర్పబోవడం, పంటినొప్పితో ఏడ్చే పిల్లవాడికి ఎక్కాలు చెప్పబోవడం వంటిది.

మూడో కారణం బాల్యం. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో తమ ఫలితాలను గ్రంథంగా వెలువరించారు. సుమారు 3వ వారం నుంచి 12వ వారం వరకు కుక్కపిల్ల మనసు మైనంలా ఉంటుంది. ఆ కాలంలో మనుషుల చేతులకు అలవాటు పడిన పిల్ల పెద్దయ్యాక చేతులను చూసి బెదరదు. ఆ కాలమంతా గొలుసుకు కట్టేసి ఉంచితే, తరువాత ప్రతి చెయ్యీ అనుమానాస్పదంగానే కనిపిస్తుంది.

గుర్రుమనడం ఒక భాష

కుక్క ఉన్నట్టుండి కరిచిందని అంటారు. ఉన్నట్టుండి కరిచే కుక్కలు అరుదు. మనం చదవలేని భాషలో అది ముందే చాలా చెప్పి ఉంటుంది. ఆ భాషలోని మాటలను మెట్ల వరుసగా చూడండి:

మొదటి మెట్టు: నిద్ర రాకపోయినా ఆవులించడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం.
రెండో మెట్టు: తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం.
మూడో మెట్టు: చెవులు వెనక్కి వాల్చడం, తోక కాళ్ళ మధ్య ముడవడం, ఒళ్ళు ముడుచుకోవడం.
నాలుగో మెట్టు: కదలకుండా కొయ్యలా బిగుసుకుపోవడం, రెప్పవేయకుండా చూడడం.
అయిదో మెట్టు: గుర్రుమనడం, పళ్ళు ఇకిలించడం.
ఆరో మెట్టు: గాలిలో కొరకడం, ఆపైన నిజంగా కరవడం.

"తోక ఊపుతున్నది గదా, ఏమీ చేయదు" అనే మాటను మాత్రం నమ్మకండి. ఇటలీ శాస్త్రజ్ఞులు 2007లో ఒక చక్కని పరిశీలన చేశారు. కుక్కలు తమ యజమానిని చూసినప్పుడు తోకను కుడివైపు ఎక్కువగా ఊపాయి. పరిచయం లేని పెద్ద కుక్కను చూసినప్పుడు ఎడమవైపు ఎక్కువగా ఊపాయి. అంటే తోక ఊపడం ఉద్వేగానికి గుర్తే గాని, అది సంతోషమే కానక్కరలేదు.

గుర్రుమన్న కుక్కను చాలామంది కర్ర తీసుకుని కొడతారు. దాని ఫలితమేమిటి? కుక్క భయం తగ్గదు, పైగా పెరుగుతుంది. తగ్గేది గుర్రుమనడం ఒక్కటే. హెచ్చరిస్తే దెబ్బలు పడతాయని నేర్చుకున్న కుక్క, అయిదో మెట్టు మానేసి నేరుగా ఆరో మెట్టు ఎక్కుతుంది. ఇంట్లో పొగ వస్తే మోగే గంటను, మోత విసుగ్గా ఉందని పగలగొట్టినట్టే ఇది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్య శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన ఒక పరిశీలనలో, కుక్కను కొట్టిన, తన్నిన యజమానుల్లో నూటికి 43 మంది తమ కుక్క తిరగబడిందని చెప్పారు.

ఇక్కడ మరో చిక్కు ఉంది. టామీ గుర్రుమంటుంది, చెయ్యి వెనక్కి పోతుంది. "గుర్రుమంటే చెయ్యి పోతుంది" అని అది పాఠం నేర్చుకుంటుంది. మళ్ళీ మళ్ళీ జరిగిన కొద్దీ పాఠం గట్టిపడుతుంది. అలాగని చెయ్యి తీయకుండా మొండిగా పట్టుకుంటే కరుస్తుంది. కొట్టరాదు, వదలరాదు, పట్టుకోరాదు అంటే మరి చేయవలసిందేమిటి? గుర్రుమనే మెట్టు వరకు దాన్ని పోనివ్వకుండా, మొదటి మెట్టుకు కూడా ముందే ఆగిపోవడం. దీనికి దారి చూపినవాడు పావ్లోవ్.

పావ్లోవ్ చూపిన దారి

నిబంధన గురించి మీరు జీవశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు. రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కల జీర్ణక్రియ మీద పరిశోధించి 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ పరిశోధనల్లోనే ఆయన ఒక విచిత్రం గమనించాడు. తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడు వినగానే కుక్కలకు లాలాజలం ఊరేది. చప్పుడుకు రుచి లేదు. కాని చప్పుడు తరువాత తిండి వస్తుందని కుక్క శరీరం నేర్చుకుంది.

ఇదే సూత్రంతో భయాన్ని కూడా మార్చవచ్చునని 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ చూపింది. కుందేలంటే భయపడే ఒక చిన్న బాలుడికి ఇష్టమైన తినుబండారం ఇస్తూ, కుందేలును ముందు దూరంగా ఉంచి, రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరకు ఆ బాలుడు కుందేలును చేతితో నిమిరాడు.

టామీకి కుందేలు బదులు చెయ్యి అనుకోండి. పెద్దవారు, పశువైద్యుని సలహాతో, ఈ విధంగా చేయవచ్చు. మొదట చెయ్యి రెండడుగుల దూరంలో కదిలించి, వెంటనే ఉడికించిన మాంసం ముక్క ఒకటి వేయాలి. కుక్క నిశ్చింతగా ఉంటే తరువాత అడుగు దూరంలో. ఆపైన భుజం మీద ఒక్క సెకను తాకి ముక్క. ఆపైన మెడపట్టీని ఒక్క వేలితో తాకి ముక్క. ఒక్కో మెట్టుకు రోజులు పట్టవచ్చు, వారాలు పట్టవచ్చు. మూతి నాక్కున్నా, తల తిప్పుకున్నా మనం తొందరపడ్డామని అర్థం. ఒక మెట్టు కిందికి దిగాలి.

ఇందులో వరుస క్రమం చాలా ముఖ్యం. ముందు తాకడం, తరువాత తిండి. తిరగేసి ముందు తిండి చూపి తరువాత పట్టుకుంటే ఏమవుతుంది? తిండి కనబడితే చెయ్యి పడుతుందని కుక్క నేర్చుకుంటుంది. చివరకు ముక్కను చూసి కూడా బెదురుతుంది. పావ్లోవ్ సూత్రం మనకు అనుకూలంగా ఎంత చక్కగా పనిచేస్తుందో, వ్యతిరేకంగా కూడా అంత చక్కగానే పనిచేస్తుంది.

హుషారు విషయం కూడా చూడాలి. పరుగు అలవాటైన కుక్కను పగలంతా గొలుసుకు కట్టేస్తే దాని శక్తి ఎటూ పోదు. చిన్న అలికిడికి కూడా ఉలిక్కిపడే స్థితిలో ఉంటుంది. ఉదయం, సాయంత్రం పొడవైన తాడుతో నడక, గడ్డిలో మెతుకులు చల్లి ముక్కుతో వెతికించే ఆట, ఇలాంటివి పాఠానికి ముందు ఉంటే పాఠం ఎక్కుతుంది. వాసన పట్టడం కుక్కకు చదువు వంటిది. పావుగంట వెతుకులాటతో అది బాగా అలసిపోతుంది.

మూతికి వేసే చిక్కం కూడా ఇలాగే అలవాటు చేయాలి. పంట మేయకుండా ఎడ్ల మూతికి చిక్కం కట్టడం మీరు చూసి ఉంటారు. కుక్కలకు బుట్ట ఆకారంలో దొరుకుతుంది. నోరు తెరవడానికి, రొప్పడానికి, నీళ్ళు తాగడానికి అందులో వీలుండాలి. కుక్కకు చెమట ద్వారా చల్లబడే సదుపాయం చాలా తక్కువ. రొప్పడమే దానికి ముఖ్యాధారం. నోరు బిగించి కట్టే గుడ్డపట్టీతో ఎండలో ఉంచితే వడదెబ్బకు ప్రాణం పోవచ్చు.

ఇల్లు మారితే పాఠం మరచిపోతుందా?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. పాతింట్లో మూడు నెలలు శ్రమపడి నేర్పిన పాఠం కొత్త ఇంట్లో మొదటి రోజు పనిచేయకపోవచ్చు. కొత్తగా నేర్చుకున్న ధైర్యం పాత భయాన్ని చెరిపివేయదు. దాని పైన మరో పొరలా పరుచుకుంటుంది. ఆ పొర నేర్చుకున్న చోటుకూ, నేర్పిన మనిషికీ అంటిపెట్టుకుని ఉంటుంది. చోటు మారితే అడుగున ఉన్న భయం మళ్ళీ పైకి వస్తుంది. అణగారిన ప్రతిచర్య కొంతకాలం తరువాత తనంత తానే తిరిగి రావడం పావ్లోవ్ కూడా గమనించాడు.

దీనికి తోడు కొత్త చోటు ఒత్తిడి. అమెరికాలో 1997లో జరిగిన ఒక పరిశోధనలో, ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన కుక్కల రక్తంలో మొదటి మూడు రోజులు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, ఇళ్ళలో ఉండే కుక్కల కంటే చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మరి కొత్త యజమాని మొదటి రోజున చేసేదేమిటి? ప్రేమగా దగ్గరికి తీసి, తల నిమిరి, స్నానం చేయించి, ఇరుగుపొరుగువారిని పిలిచి చూపిస్తాడు. అంటే అత్యంత ప్రమాదకరమైన రోజున అత్యంత ప్రమాదకరమైన పనులన్నీ చేస్తాడన్నమాట.

కాబట్టి టామీని తీసుకునేవారు ముందు రెండు మూడుసార్లు వర్నికి వచ్చి, పాతింటిలోనే దానికి పరిచయం కావాలి. వెళ్ళేటప్పుడు అది పడుకునే గోనెసంచి కూడా వెంట పంపాలి. తెలిసిన వాసన దానికి ధైర్యం. కొత్త ఇంట్లో మొదటి కొన్ని రోజులు దానికంటూ ఒక మూల ఉండాలి. ఎవరూ తాకరాదు. మనుషులు దగ్గర ఉన్నంతసేపు తేలికపాటి తాడు ఒకటి మెడపట్టీకి వేలాడుతూ ఉంటే, పట్టీ పట్టుకోకుండానే దాన్ని మళ్ళించవచ్చు. ఆపైన తాకే పాఠం మొదటి మెట్టు నుంచి తిరిగి మొదలుపెట్టాలి. ఈసారి త్వరగానే సాగే అవకాశం ఉంది.

నిజం చెప్పడం కూడా వైద్యమే

2025 ఆగస్టు 17న హైదరాబాదు బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నగరపాలక సంస్థ దేశవాళీ కుక్కపిల్లల దత్తత కార్యక్రమం ఏర్పాటు చేసింది. 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ కూడా కుక్కలను దత్తత ఇస్తుంది. ముద్దొచ్చే పిల్లలకు ఇళ్ళు దొరకడం సులభం. నాలుగేళ్ళ వయసు, పళ్ళు దించిన చరిత్ర ఉన్న కుక్కకు దొరకడం కష్టం. అందుకే చాలామందికి ఆ చరిత్రను దాచాలనిపిస్తుంది.

దాచితే ఏమవుతుందో తార్కికంగా చూడండి. కొత్త ఇంట్లో మూడేళ్ళ పాప టామీ మెడను కౌగిలించుకుంటుంది. పాప ముఖం సరిగ్గా కుక్క మూతి ఎత్తున ఉంటుంది. ఆ ఇంటివారికి ముందే తెలిసి ఉంటే పాపను దగ్గరికి పోనిచ్చేవారు కారు, లేదా ఈ కుక్కను తెచ్చుకునేవారే కారు. గాయం పాపకు అవుతుంది. శిక్ష కుక్కకు పడుతుంది. దాచినవారు మాత్రం దూరంగా ఉంటారు.

అందుచేత ఒక కాగితం మీద ఈ సంగతులన్నీ రాసి ఇవ్వాలి: ఏయే భాగాలు తాకితే ఊరుకోదు, ఎన్నిసార్లు కరిచింది, ఎవరిని, ఏ సందర్భంలో, చర్మం తెగిందా లేదా, పశువైద్యుడు ఏం చెప్పాడు, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, ఏ మెట్టు వరకు శిక్షణ సాగింది. ఆ కాగితం చదివి కూడా "మేము తీసుకుంటాం" అనేవారే దానికి తగినవారు. చిన్నపిల్లలు లేని, చుట్టూ గట్టి కంచె ఉన్న, ఓపికగల పెద్దలున్న ఇల్లయితే మేలు.

"పొలానికి ఇస్తే కాపలాగా పడి ఉంటుంది గదా" అని కొందరంటారు. తాకితే కరవడం వేరు, కాపలా కాయడం వేరు. వరికోతల కాలంలో కోత యంత్రాలవారు, హమాలీలు, బస్తాల లారీలు వస్తూ పోతూ ఉంటాయి. పరిచయం లేని మనుషుల మధ్య, ఎవరూ పట్టించుకోని చోట, భయస్తురాలైన కుక్క మరింత ప్రమాదకారి అవుతుంది.

ఇక మొదటి దారి, ఊరి బయట వదిలేయడం. దిక్కులేని స్థితిలో ఆకలిదప్పులతో బాధపడేలా పెంపుడు జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, మన ఇంటి ప్రమాదాన్ని ఊరందరి పిల్లల మీదికి తోసినట్టు గదా!

అన్ని కుక్కలకూ మరో ఇల్లు దొరుకుతుందని చెప్పడం నిజం కాదు. ఏ హెచ్చరికా లేకుండా, లోతుగా, పలుమార్లు కరిచిన కుక్కను ఎవరికీ అప్పగించరాదు. అలాంటప్పుడు నిర్ణయం పశువైద్యునితో కలిసి పెద్దలు తీసుకోవలసినదే. ఒక్కొక్కప్పుడు నొప్పి తెలియకుండా ప్రాణం తీయించడమే చివరి మార్గం కావచ్చు. అది బాధాకరమైన మాట. కాని ఆ మాట పలకడానికి భయపడి నిజం దాచితే మరొకరి బిడ్డకు ప్రమాదం.

కరిస్తే ఏం చేయాలి?

దీన్ని మాత్రం కంఠస్థం చేయండి. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను ఛేదిస్తుంది. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు పూయరాదు. వెంటనే వర్నిలో గాని, బాన్సువాడలో గాని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. టీకాను చర్మంలోకి ఇస్తే మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28వ రోజులలో వేస్తారు. కండలోకి ఇస్తే 14వ రోజున కూడా వేస్తారు. గాయం చర్మాన్ని చీల్చి రక్తం వస్తే, ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును కూడా గాయం చుట్టూ ఎక్కిస్తారు.

ఇంట్లో పెంచే కుక్క అయినా, చిన్న గీతే అయినా, ఇంట్లో చెప్పకుండా దాచవద్దు. కొడతారని, తిడతారని, లేదా కుక్కను పంపేస్తారని భయపడి దాచే పిల్లలుంటారు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే బతకడం దాదాపు అసాధ్యం. కరిచిన కుక్కను 10 రోజులు గమనించాలి. కాని ఆ పది రోజులు చూసి తరువాత టీకా వేయించుకుందామనుకోవడం పొరపాటు. టీకా మొదటి రోజునే మొదలు కావాలి. అలాగే ఎన్నడూ కరవని కుక్క హఠాత్తుగా కరిచి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే అది భయమూ కాదు, అలవాటూ కాదు. రేబిస్ కావచ్చు. దాని దగ్గరికి పోకుండా వెంటనే పెద్దలకు చెప్పండి.

మీరు చేసి చూడండి

శిక్షణ పెద్దల పని. పరిశీలన మీ పని. మీ వీధిలోని ఒక కుక్కను కనీసం ఇరవై అడుగుల దూరం నుంచి, పెద్దవారు తోడుండగా, వారం రోజులు రోజూ పది నిమిషాలు గమనించండి. దాన్ని పిలవవద్దు, తిండి వేయవద్దు, ఏమీ విసరవద్దు. నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి: సమయం, ఎవరు దగ్గరికి వచ్చారు, చెవులు, తోక, మూతి ఎలా ఉన్నాయి, తరువాత ఏం జరిగింది. పైన చెప్పిన ఆరు మెట్లలో ఎన్నింటిని చూడగలిగారో లెక్కపెట్టండి. ఎవరైనా కర్ర ఎత్తినప్పుడు ఏ మెట్టు కనిపించింది? పరిచయస్తుడు వచ్చినప్పుడు ఏది కనిపించింది? మీ ఫలితాలను మిత్రుల ఫలితాలతో పోల్చి, తరగతిలో చర్చించండి.

కుక్క మనతో మాట్లాడుతూనే ఉంటుంది. మొదటి మెట్టు దగ్గరే దాని మాట అర్థం చేసుకుంటే ఆరో మెట్టు చూడవలసిన అవసరం రాదు.